మలుపు దగ్గరి కట్టెల మోపు

ఎల్లారెడ్డిలో బస్సు దిగి మా తండాకు పోవాలంటే అడవి అంచున ఒక బాట ఉంది. మా అమ్మ తుల్సి పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ బాటలోనే కట్టెలు మోసింది. కొన్నేళ్ల కింద దానికి రెండు పక్కలా రాళ్లు పేర్చి, ఎర్రమట్టి పోసి, అక్కడక్కడా సిమెంటు బల్లలు వేసి, అడవిలో గుండ్రంగా తిప్పి తెచ్చి వాకింగ్ ట్రాక్ అన్నారు. నేనైతే సంతోషపడ్డాను. ఎర్రమట్టి మెత్తగా ఉంటుంది, పరుగెత్తితే మోకాళ్లు నొప్పి పెట్టవు. కానిస్టేబుల్ రాతపరీక్ష గట్టెక్కాను, ఇక పరుగు మిగిలింది. రోజూ కామారెడ్డి గ్రౌండుకు పోయి రావడం కుదిరే పని కాదు, తండా చుట్టూ చూస్తే అంతా గుండ్రాళ్లే. ఈ ట్రాక్ లేకపోతే నాకు ఆ ఉద్యోగం లేదు.

కానీ ట్రాక్ మీద పెద్దమనుషులు నలుగురేసి ఒకే వరుసలో నడుస్తారు. వెనక నుంచి "అన్నా, జర పక్కకు" అంటే ఒక్కరి చెవికీ ఎక్కదు. గట్టిగా అరిస్తే "ఇది నడిచేటందుకమ్మా, ఉరికేటందుకు కాదు" అంటారు. వాళ్ల సంఘానికి అధ్యక్షుడు అరుణ్‌కుమార్ సార్. రిటైరైన మనిషి, తెల్ల బూట్లు, మెడలో తువ్వాలు. గేటు దగ్గర ఆయనే బోర్డు రాయించాడు. ఎడమ వైపే నడవాలి, మేకలు రావద్దు, సైకిళ్లు రావద్దు, కట్టెల మోపులు రావద్దు. ఎడమ వైపు నడవడం మాత్రం ఆయనకు తప్ప అందరికీ వర్తిస్తుంది.

మా దిక్కు బాటల్లో బోర్డులు లేని రోజుల నుంచీ ఒక పద్ధతి ఉంది. కట్టెల మోపును ఎవరూ ఒంటరిగా నెత్తికి ఎత్తుకోలేరు, మెడ పట్టకుండా దించుకోనూలేరు. దారిలో అలసి మోపు దించిన మనిషి, మళ్లీ ఎత్తడానికి వచ్చేపోయే వాళ్ల కోసం ఎదురు చూస్తుంది. "జర ఎత్తు బిడ్డా" అని అడిగితే, పగవాళ్లయినా ఆగి ఒక చెయ్యి వెయ్యాలి. మోపు ఎదురొస్తుంటే ఖాళీ చేతుల వాళ్లే బాట దిగాలి. నడక అందుకున్న మోపు మధ్యలో ఆగడం కుదరదు మరి.

పోయిన చలికాలం పక్క పల్లె దుర్గవ్వ ట్రాక్ మలుపు దగ్గర మోపు దించి కూర్చుంది. వచ్చిన వాళ్లనల్లా అడిగిందట. కొందరు బోర్డు సంగతి చెప్పి పోయారు, కొందరు ఫోన్ చూసుకుంటూ పోయారు. ఆ సాయంత్రం అక్కడ నడిచిన వాళ్లే తర్వాత గుసగుసగా చెప్పుకున్న మాట ఇది. చివరికి చీకటి పడ్డాక మోకాళ్ల మీద కూర్చుని తనే ఎత్తుకోబోయింది. తెల్లారి చూస్తే మోపు పైన ఉంది, దుర్గవ్వ కింద ఉంది. మెడ విరిగిపోయింది.

అప్పటి నుంచి మలుపు దగ్గరి కరెంటు దీపం ఎన్నిసార్లు మార్చినా వెలగదు. పొద్దుగూకితే అక్కడ ఎవరో అడుగుతున్నారని, ట్రాక్ మధ్యలో మోపు కనబడుతోందని పుకారు లేచింది. దీపాలు పెట్టే వేళకు ట్రాక్ అంతా ఖాళీ. నాకు భయం కన్నా ముందు నవ్వొచ్చింది. మనుషులు ఇయ్యని దారి దెయ్యం ఇచ్చింది.

"చీకట్ల ఎందుకు బిడ్డా? దుర్గవ్వ తిరుగుతున్నదంటున్రు" అంది అమ్మ.

"తిరగనీ. నన్ను పక్కకు జరుగు అన్నోళ్లంత బతికున్నోళ్లే. ఆమె ఎన్నడన్న అన్నదా?"

అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత మెల్లగా అంది. "పోతే పో. అడిగితే మాత్రం కాదనకు."

ఆ సాయంత్రం నేను పోయేసరికి అరుణ్‌కుమార్ సార్ గేటు దగ్గరే ఉన్నాడు. చేతిలో కొత్త తాళం, పక్కన ఆయన ముగ్గురు స్నేహితులు.

"రేపటి సంది పొద్దుగూకితే గేటు బంద్. ఇయ్యాలనే ఆఖరు" అన్నాడు.

"మరి నేనెప్పుడు ఉరకాలె సార్? మీరున్నప్పుడు ఉరకనియ్యరు. లేనప్పుడు తాళమేస్తరు."

"నీకేమన్న అయితే మా మీదికొస్తది."

"దుర్గవ్వకు అయితే మీ మీదికి రాలే గద."

స్నేహితులు ముగ్గురూ నేల చూశారు. సార్ ముఖం ఎర్రబడింది. "దెయ్యం లేదు గియ్యం లేదు. నేనే మలుపు దాకా పోయొస్త, అందరు చూడున్రి. వచ్చినంక తాళమేస్త." టార్చి వెలిగించి కుడి వైపు బయల్దేరాడు. స్నేహితులు గేటు దాటి లోపలికి రాలేదు. నేను ఎడమ వైపు పరుగందుకున్నాను. తాళం కాదు కదా, గోడ కట్టినా దూకి వస్తానని పళ్లు కొరుక్కుంటూ ఉరికాను.

చలి దిగుతోంది. పొగమంచు గడ్డి మీద నుంచి మోకాళ్ల దాకా లేచింది. నా బూట్ల చప్పుడు, నా ఊపిరి తప్ప ఇంకేమీ వినబడటం లేదు. మొదటి దీపం దాటాను, రెండోది దాటాను. ఆ తర్వాత చీకటి ఎక్కువై ఎర్రమట్టి కూడా నల్లగా కనిపించింది. ఉన్నట్టుండి వాసన తగిలింది. అప్పుడే నరికిన పచ్చి కట్టె వాసన. దాంతో పాటు ఆకు, వక్క నమిలిన నోటి వాసన. మనిషి దగ్గరగా నిలబడి మాట్లాడితే వచ్చే వాసన అది.

కీచురాళ్లు ఆగిపోయాయి.

మలుపులో ట్రాక్ మధ్యన ఏదో అడ్డంగా ఉంది. నేను ఆగాను. కట్టెల మోపు. మోదుగ నారతో రెండు చోట్ల బిగించి కట్టి ఉంది. నా వెనక ఎవరూ లేరు. మోపు వెనకా ఎవరూ లేరు.

"ఎత్తు బిడ్డా..."

చెవి పక్కనే. గాలి కూడా కదల్లేదు.

వెనక్కి ఉరకొచ్చు. ఉరికితే గేటు, గేటు దగ్గర తాళం, రేపటి నుంచి ఇంట్లో కూర్చోవడం. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే చెప్పలేనంత కోపమొచ్చింది. బతికున్న వాళ్లకు భయపడలేదు, ఇప్పుడు భయపడతానా?

"ఎత్తుత అవ్వా" అన్నాను. "ఎత్తుత. గని నా ఉరుకుడు ఆపకు. ఈ బాట నీది, నాది గూడ."



వంగి మోపు కింద చేతులు పెట్టాను. చల్లగా ఉంది. తడిగా ఉంది. నేను ఇటు ఎత్తాను... అటు కొస దానంతటదే లేచింది. నడుము దాకా... భుజం దాకా... నా చేతుల మీది బరువు ఒక్కసారిగా పోయింది.

మోపు నా తల ఎత్తున నిలబడింది. దాని కింద ఎవరూ లేరు. మంచు మాత్రం ఉంది.

నేను బాట దిగాను. ఆలోచించి దిగలేదు, చిన్నప్పటి నుంచి మోపు కదిలితే దిగడమే అలవాటు. మోపు మెల్లగా ఊగుతూ కదిలింది. ఎర్రమట్టి మీద వట్టికాళ్ల చప్పుడు. చర్... చర్... చర్...

అటు నుంచి టార్చి వెలుగు వస్తోంది. ట్రాక్ నడిమధ్యన.

"సార్!" అని అరిచాను. "దిగున్రి! బాట దిగున్రి సార్!"

"ఎవరది?"

"మోపు వస్తున్నది! పక్కకు జరుగున్రి!"

"నేనెందుకు జరగాలె?" అన్నాడు.

ఆయన నిజంగానే అలా అన్నాడు. టార్చి పైకెత్తాడు. వెలుగు మోపు మీద పడింది, మోపు కింది ఖాళీ మీద పడింది... ఆ తర్వాత టార్చి నేల మీద దొర్లింది. అరుపు లేదు. ఏదీ పడిన చప్పుడు లేదు. వట్టికాళ్ల చప్పుడు మాత్రం ఆగిపోయింది.

నేను ఎంతసేపటికి దగ్గరికి పోయానో తెలియదు. సార్ ట్రాక్ మధ్యన నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ పైకెత్తి, నెత్తి మీద దేన్నో పట్టుకున్నట్టు. చేతుల మధ్యన ఏమీ లేదు. మోకాళ్లు వణుకుతున్నాయి. మెడ నరాలు తాళ్లలా లేచి ఉన్నాయి.

"అమ్మా..." అన్నాడు. "జర... దించు..."

ఆ నోటి నుంచి "జర" అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. నిజం చెబుతున్నాను, ఒక క్షణం ఆయన్ని అలాగే వదిలి పోవాలనిపించింది. గేటు తెరిచే ఉంది. దుర్గవ్వ ఎంతసేపు అడిగిందో ఆయనా అంతసేపు అడగనీ అనిపించింది. కానీ నేను ఆయన లాంటి దాన్ని కాను. అదొక్కటే గట్టిగా అనుకున్నాను.

ముందుకు పోయి ఆయన తల పైన ఖాళీలోకి చేతులు చాచాను. అరచేతులకు చెట్టు బెరడు తగిలింది.

కళ్లు మూసుకుని పట్టుకున్నాను. ఇద్దరం కలిసి దించాం. నేల దాకా బరువు తెలిసింది. కళ్లు తెరిస్తే నేల మీద ఏమీ లేదు. సార్ రాళ్ల అంచు పట్టుకుని, ఎడమ పక్కకు ఒదిగి నడిచి వెళ్లిపోయాడు. ఆయన చేతిలోంచి జారిన తాళం అక్కడే పడి ఉంది. తీసి పొదల్లోకి విసిరేశాను.

ఆ తర్వాత గేటు మూయలేదు. బోర్డు ఎవరు తీశారో తెలియదు. సార్ ట్రాక్‌కు రావడం మానేశాడు. మిగతా వాళ్లు మళ్లీ సాయంత్రాలు నడుస్తున్నారు, మలుపులో దీపం వెలుగుతోంది. మా తండా ఆడవాళ్లు మోపులతో వస్తే దిగి దారి ఇస్తున్నారు, ఎత్తమంటే ఎత్తుతున్నారు. నేను పరుగెత్తుకొస్తే పిలవకముందే జరుగుతున్నారు. ఒక్కటే నాకు నచ్చదు. జరిగేటప్పుడు నా ముఖం చూడరు, నా తల పైకి చూస్తారు. చూస్తే చూడనీ అనుకున్నాను. దారి దొరికింది, ఉరికాను.

పరీక్ష రోజు పరుగులో అందరికన్నా ముందొచ్చాను. అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. తర్వాత ఎత్తు కొలిచే చోట వరుసలో నిలబడ్డాను. కొలిచే మేడం కుర్చీలో కూర్చునే, పక్కనున్న పిడి తిప్పి తల మీదికి పట్టీ దించుతోంది. నా వంతు వచ్చింది. వీపు ఆనించి నిటారుగా నిలబడ్డాను. పట్టీ గరగరమని దిగుతూ... ఆగింది.

"తల మీద ఏంది? తియ్యి" అంది మేడం.

"ఏం లేదు మేడం."

మళ్లీ తిప్పింది. పట్టీ నా నెత్తికి మూరెడు ఎత్తున, ఉత్త గాలి మీద ఆగి ఉంది. మేడం లేచొచ్చి చేత్తో నొక్కింది. దిగలేదు. పచ్చికట్టె వాసన వచ్చింది. నాకు మాత్రం మెడ మీద ఏ బరువూ తెలియడం లేదు.

"కొలత రాకుంటే రాసుకోను. పక్కకు జరుగు" అంది మేడం.

ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. ఇంత దూరం ఉరికొచ్చింది పక్కకు జరగడానికి కాదు. ఇన్నేళ్లూ మా అమ్మలే మోశారు. తలా కొంత దూరం అందరూ మోస్తే ఏం పోతుంది?

"జరగను మేడం" అన్నాను. ఆమె కళ్లలోకి చూసి మెల్లగా అడిగాను. "జర దించున్రి."

ఆమె నన్నే చూసింది. ఏ ఊరి ఆడబిడ్డో, ఏ బాటలో ఎవరి మోపు దించిందో నాకు తెలియదు. రెండు చేతులూ నా తల పైకి చాచింది. ఆమె వేళ్లు గాలిలో దేని చుట్టో బిగుసుకున్నాయి. పట్టీ జారి వచ్చి నా నెత్తిని తాకింది.

"సరిపోయినవ్, పో" అంది.

లాంగ్ జంప్ వైపు నడుస్తూ ఒక్కసారి తిరిగి చూశాను. మేడం మళ్లీ కుర్చీలో కూర్చోలేదు. మిగతా అమ్మాయిలందరినీ నిలబడే కొలిచింది, ఒక చెయ్యి తన తల పైన ఎత్తి పట్టుకుని.