దుమ్ము పడని చోటు

దుఐజ్ పుర్రె పగిలి ఉంది. ఒక్క దెబ్బ కాదు, ఆరేడు. మగవాళ్లు కూర్చునే ముందుగదిలో, తివాచీ మీద బోర్లా పడి ఉన్నాడు. రక్తంలో బొగ్గులు ఆరిపోయి ఉన్నాయి. పక్కనే సొట్టపడిన ఇత్తడి ధూపపాత్ర.

ఎడారి ఊరు జహ్రా మధ్యాహ్నం మూడింటి నుంచీ దుమ్ముతుపానులో మునిగి ఉంది. ఆరున్నరకి గాలి కాస్త తగ్గాక పోలీసు కెప్టెన్ రాకాన్ జీపు ఆ ఇంటి ముందు ఆగింది.

గదిలో ఇద్దరున్నారు. హతుడి భార్య షుమూఖ్ చేతులకి ముందే వచ్చిన పోలీసులు వేసిన బేడీలు. అరచెయ్యి కాలి బొబ్బలెక్కింది. ఎదురుగా హతుడి తమ్ముడు ముతైబ్. తలగుడ్డ నిండా దుమ్ము.

"అయిదింటికి వచ్చా సార్, ఆ తుపానులో పడి. తలుపు తీస్తే అన్న నెత్తుట్లో ఉన్నాడు. ఈవిడ చేతిలో ఆ పాత్ర. ఇంకేం కావాలి?"

"నా కూతురి దగ్గరికి పోనివ్వండి," అంది షుమూఖ్. "ఘలాకి ఆరేళ్లు. అంబులెన్సులో తీసుకెళ్లారు, ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారట. నేను లేకపోతే మాస్కు ఉంచుకోదు, పీకేస్తుంది."

"ఎవరో ఒకరు పెడతార్లే వదినా. నువ్వు జైలుకి పద."

"నోర్ముయ్," అన్నాడు రాకాన్. "ఏం జరిగిందో చెప్పమ్మా."

"తుపాను రాకముందు నుంచీ పాప గది తలుపు కింద తడి తువ్వాలు కుక్కి, గాలి శుభ్రం చేసే మిషను పెట్టుకుని లోపలే ఉన్నాం. దాని మోతకి ఏదీ వినపడదు. ఉన్నట్టుండి మిషను ఎర్ర లైటేసింది. పాపకి ఎగశ్వాస. పొగ వాసన. బయటికొస్తే ఆయన... తివాచీ అంటుకుంటోంది. పాత్ర తీసి బొగ్గులు ఎత్తబోయా. అప్పుడే ఇతను అరుస్తూ వచ్చాడు."

"ధూపం వేసిందెవరు?"

"పాప ఉబ్బసానికి పడదని డాక్టరు వద్దన్నాక రెండేళ్లుగా ఈ ఇంట్లో ధూపం లేదు సార్. ఆ పాత్ర అలంకారానికే."

"డాక్టరట!" ముతైబ్ నవ్వాడు. "మా అమ్మ తొమ్మిదిమందిని ధూపం పొగలోనే పెంచింది. ఎవడైనా దగ్గాడా?"

రాకాన్ బయటికి వెళ్లాడు. కాసేపటికి ఇద్దర్నీ పిలిచాడు.

గడప బయట వేలి మందాన దుమ్ము. గోడవారన ఒక చెప్పుల జత, దుమ్ముతో నిండిపోయి.

"ఎవరివి?"

"నావే. విడిచి లోపలికొచ్చా. తప్పా?"

రాకాన్ చెప్పులు రెండూ ఎత్తాడు. కింద పాదాల ఆకారంలో తెల్లటి పాలరాయి తళతళలాడింది.

"అయిదింటికి విడిస్తే వీటి కింద రెండు గంటల దుమ్ము ఉండాలి. రవ్వంత కూడా లేదు. తుపాను మొదలవక ముందే వచ్చావు. చంపాక వట్టి కాళ్లతో ఇక్కడ నిలబడి ఒళ్లంతా దుమ్ము పట్టించుకున్నావు. అందరూ నీ తలగుడ్డే చూశారు. చెప్పులు ఎవరూ ఎత్తలేదు."

ముతైబ్ ఒక్కడుగు ముందుకేశాడు.

"అతిథికి ధూపం పట్టని ఇల్లూ ఒక ఇల్లేనా? నా అగరు చెక్క నేనే వెలిగించా. 'నా బిడ్డని చంపుతావా' అని అన్న నా గొంతు పట్టుకున్నాడు. సొంత తమ్ముడి గొంతు! పొగ కోసం!"

అంటూనే షుమూఖ్ మెడ మీదికి దూకాడు. రాకాన్ పిస్తోలు పిడి అతని దవడ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు. రెండు పళ్లు దుమ్ములో రాలాయి. అయినా లేవబోయాడు. మోకాలి మీద ఒక్క తన్ను. ఇక లేవలేదు.

రాకాన్ షుమూఖ్ బేడీలు విప్పి, వాటిని ముతైబ్‌కి వేసి పోలీసులకి అప్పగించాడు. "జీపెక్కమ్మా."

వార్డు తలుపు దగ్గర నర్సు అడ్డం నిలబడింది. "మీ బట్టల నిండా పొగ వాసన. ఈ గౌను వేసుకుని వెళ్లండి."

షుమూఖ్ తెరచాటున బట్టలు మార్చుకుని లోపలికి పరుగెత్తింది. రాకాన్ వెనకే అడుగేశాడు.

"మీరూ ఆగాలి సార్."

రాకాన్ చొక్కా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఉదయం భార్య యూనిఫాంకి పట్టిన ధూపం ఇంకా వదల్లేదు. రోజూ పట్టేదే.

అద్దానికి ఇవతలే ఆగిపోయాడు. లోపల, మాస్కు పీకుతున్న చిన్న చెయ్యి తల్లి వేలు దొరకగానే పీకడం మానేసింది.