చేతి వాసన

ఆదివారం పొద్దున ఏడున్నరకు హేమశ్రీ పెరట్లో గొంతుకూర్చుని కక్కుతోంది. ఆ వారంలో అది మూడోసారి. నాగదుర్గ ఒక చేత్తో కూతురి జుట్టు వెనక్కి పట్టుకుని, రెండో చేత్తో చెంబు అందించింది. నిన్న తిన్న మెతుకులు మెతుకుల్లాగే బయటపడ్డాయి. ఆ పులుపు వాసనకు నాగదుర్గ మొహం తిప్పుకుంది. కన్నబిడ్డ కక్కుని చూసి రోత పుట్టినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"మళ్లీ ఏం మింగావే?" గడపలోంచి అడిగింది అత్తగారు పెద్దింట్లమ్మ.

"ఏమీ తినలేదు మామ్మా."

"తినకుండానే వస్తుందా? గాలి తాగి కక్కుతున్నావా?"

హేమశ్రీకి పదకొండేళ్లు. గోధుమలో ఉండే గ్లూటెన్ ఆ పిల్ల పేగుకు పడదు. దాన్ని సీలియాక్ అంటారని భీమవరం డాక్టరుగారు చెప్పి ఎనిమిది నెలలయింది. మొగల్తూరులో మూడు పూటలా అన్నం తినే ఇల్లు, గోధుమ మానడం ఎంతపని అనుకున్నారు. బిస్కెట్లు, సేమ్యా, ఉప్మారవ్వ పోయాయి. గోధుమపిండి కలుపుతారని తెలిశాక ఇంగువ డబ్బా కూడా పోయింది. ప్యాకెట్ల మీద గోధుమ ఏయే పేర్లతో ఉంటుందో డాక్టరుగారు రాసిచ్చిన కాగితాన్ని వంటింటి గోడకు అంటించారు. నాలుగు నెలల్లో పిల్ల రెండు కిలోలు పెరిగింది. తర్వాత మళ్లీ మొదటికొచ్చింది. మొన్న రక్తపరీక్ష చూసి ఆయన ఒక్కటే మాట అన్నారు: "ఎక్కణ్ణుంచో నోట్లోకి వెళ్తోందమ్మా."

ఆ మాటతో ఇంట్లో సోదాలు మొదలయ్యాయి. బడి నుంచి రాగానే పెద్దింట్లమ్మ మనవరాలి నోరు వాసన చూసేది. తండ్రి జానకిరామ్ బడిసంచి దులిపేవాడు.

ఆరోజు నాగదుర్గ రొయ్యల షెడ్డు నుంచి ఒంటిగంటకు వచ్చింది. ఐసునీళ్లలో చేతులు పెట్టి పొట్టు ఒలిచే పని. గోళ్ల పక్కన చర్మం చీలి ఉంది. చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకుని, రోజాపువ్వు బొమ్మ ఉన్న క్రీము రాసుకుంది. కంచంలో అన్నం, చారు కలిపింది. జబ్బు పడిన దగ్గర్నుంచి హేమశ్రీ అమ్మ ముద్దలు పెడితేనే తింటుంది.

మొదటి ముద్ద చేతిలో ఉండగానే జానకిరామ్ బడిసంచి తెచ్చి బోర్లించాడు. పుస్తకాలతోపాటు బిస్కెట్ కాగితం ఒకటి పడింది.

"ఇదేంటే?"

"వీరవేణిది నాన్నా. దాని పుట్టినరోజని అందరికీ పంచింది. నాది దానికే ఇచ్చేశాను. బొమ్మ బాగుందని కాగితం దాచుకున్నాను."

"చూశావా? కాగితం దాచుకుందట!" అంది పెద్దింట్లమ్మ. "నక్క పీత డొప్ప దాచుకున్నట్టు!"

నాగదుర్గ చేతిలో ముద్ద కంచంలో పడింది. కూతురి చెంప మీద కొట్టింది. "నీ కక్కు ఎత్తలేక చస్తున్నాను. నిజం చెప్పవే!" రెండు వేళ్లు దవడలోకి దూర్చి నోరు తెరిచింది. నాలుక మీద, పళ్ల సందుల్లో ఏదో దొరుకుతుందన్నట్టు వెతికింది.

హేమశ్రీ ఆ వేళ్లను తోసేసి నేల మీద ఉమ్మింది.

"ఛీ! నీ చెయ్యి చేదు! రోజూ అన్నం కూడా ఇలాగే చేదు!"

నాగదుర్గ తన వేళ్ల వంక చూసుకుంది. చూపుడువేలు నాలుకకు తగిలించుకుంది. ముక్కుకి రోజాపువ్వు. నోటికి చేదు.

లేచి వెళ్లి క్రీము గొట్టం తెచ్చి పిల్ల ముందు పెట్టింది. ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు చదివేది ఆ పిల్లే. హేమశ్రీ చెంప రుద్దుకుంటూ గొట్టాన్ని వంటింటి గోడ దగ్గరికి తీసుకెళ్లింది. ఒక వేలు గొట్టం మీద, ఒక వేలు కాగితం మీద పెట్టి కిందికి జరిపింది. రెండు వేళ్లూ ఆగాయి.

"అమ్మా, ఇందులో ఉంది. కాగితంలో నాలుగోది."

"పూసుకునేదాంట్లో గోధుమేంటి?" అన్నాడు జానకిరామ్. "ఒంటికి రాసుకోమని చపాతీపిండి అమ్ముతున్నారా?"

అప్పుడే డాక్టరుగారికి ఫోన్ చేశాడు. ఒంటికి రాసుకుంటే పేగు దాకా వెళ్లదు, నోట్లోకి వెళ్తేనే ప్రమాదం అన్నారాయన. పేస్టు, పెదాలకు రాసేవి కూడా చూసుకోమన్నారు. "మనం చేత్తో కదండి తింటాం," అన్నారు చివర్లో.

నాగదుర్గ గోడకు ఆనుకుంది. నాలుగు నెలల కిందట ఒకరోజు, ముద్ద పెట్టబోతే కూతురు మొహం తిప్పుకుంది. రొయ్యల కంపు అంది. మర్నాడే ఈ క్రీము కొంది. అప్పట్నుంచి రెండు పూటలా రాసుకుంటూనే ఉంది.

"చేదని ఎందుకు చెప్పలేదే?"

హేమశ్రీ తల దించుకుంది. "అప్పుడు కంపు అన్నానుగా. నువ్వు ఆ పూట అన్నం తినలేదు. మళ్లీ చేదంటే..."

పెద్దింట్లమ్మ బిస్కెట్ కాగితాన్ని నేల మీంచి తీసింది. మడతలు సరిచేసి మనవరాలి పుస్తకంలో పెట్టింది. ఎవరి మొహమూ చూడలేదు.

నాగదుర్గ పెరట్లో కూర్చుని చింతపండు, ఉప్పు వేసి చేతులు తోమింది. చీలికల్లో ఉప్పు మండింది. మూడుసార్లు కడిగాక రోజా వాసన పోయింది. రొయ్య మిగిలింది. కంచం కడిగి కొత్తగా అన్నం పెట్టి, పక్కన చెంచా వేసింది.

హేమశ్రీ చెంప మీద వేళ్ల అచ్చులు ఇంకా ఉన్నాయి. ఆ పిల్ల చెంచా పక్కకు జరిపింది.

"కంపు కొడుతుందే," అంది నాగదుర్గ.

"కొట్టనీలే."

నాగదుర్గ ముద్ద కలిపింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. హేమశ్రీ ముక్కు చిట్లించి మింగింది. మళ్లీ నోరు తెరిచింది.