రెండో తూటా ఎక్కదు

పరుగు!

గంగన్న ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరుగెత్తుతున్నాడు. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. శుక్రవారం మిట్టమధ్యాహ్నం... దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో తారు రోడ్డు మీద అరికాలు ఆనడం లేదు.

జుమ్మా నమాజు వేళ. షటర్లన్నీ మూసి ఉన్నాయి. వీధిలో పిల్లి కూడా లేదు!

మసీదు మైకులో ప్రసంగం హోరెత్తుతోంది. అరిచినా వినేవాడు లేడు.

వెనక అడుగుల చప్పుడు. తొందరలేని అడుగులు.

"యాడికి పోతావప్పా గంగన్నా? ఈ ఎండకే సచ్చిపోతావ్. నిలబడు!"

ఆంజి గొంతు అది. కడప జిల్లా ఆంజి. ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవర్. మొన్నటిదాకా గంగన్నతో ఒకే కంచంలో తిన్న మనిషి.

ఇప్పుడు వాడి చేతిలో పిస్టల్!

దాన్ని సిద్ధం చేసి ఇచ్చిందెవరు? గంగన్నే! తన చావుకి తానే పాలిష్ పెట్టి మరీ ఇచ్చాడు. ఇంతకంటే తెలివితక్కువ ఫిట్టర్ గల్ఫ్ మొత్తంలో ఉండడు.

సందు తిరిగాడు. తను పనిచేసే గ్యారేజీ. పక్క తలుపు తోసి లోపలికి దూరాడు. ఇంజన్ ఊడదీసిన లారీ వెనక నక్కాడు.

గుండె డబడబా కొట్టుకుంటోంది.

ఆంజి ఇంతవరకూ ఒక్కసారి కూడా కాల్చలేదు. ఎందుకో గంగన్నకు తెలుసు. వాడి దగ్గరున్నది ఒక్క తూటా! మ్యాగజైన్ నిండా తూటాలున్నా సరే... పేలేది ఒక్కటే!

పది రోజుల కిందట ఆంజి ఒక డబ్బా తెచ్చాడు. అందులో వాళ్ళ కఫీల్... అదే, యజమాని అరబ్బు... పిస్టల్, ఒక కొత్త బ్యారల్ గొట్టం, ఒక కొత్త మ్యాగజైన్.

"కఫీల్‌ది ఫార్టీ క్యాలిబరప్పా. ఆ తూటాలు ఈడ దొరకవు. నైన్ ఎంఎం చెయ్యాలంట. క్లబ్బులో టార్గెట్ కొట్టుకుంటాడంట."

గంగన్న నమ్మాడు. బ్యారల్ మార్చాడు. మ్యాగజైన్ దగ్గరే తిరకాసు వచ్చింది. కొత్తది సరిగ్గా కూర్చోలేదు. పాతదాంట్లో సన్నటి నైన్ ఎంఎం తూటాలు వదులుగా ఊగుతున్నాయి. డమ్మీ తూటాలు వేసి మూడుసార్లు చూశాడు. మొదటిది చక్కగా ఎక్కుతుంది. రెండోది అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. మూడుకు మూడుసార్లూ అంతే!

"పాత మ్యాగజైన్‌తోటి రెండో తూటా ఎక్కదు. కొత్తది సాపు చేసి ఇస్త. రెండు దినాలు ఆగు" అన్నాడు.

"ఒకటి చాల్లేప్పా" అని నవ్వాడు ఆంజి. పాత మ్యాగజైన్ తోనే పిస్టల్ పట్టుకుపోయాడు.

ఆ మర్నాడే అల్ ఖోర్ రోడ్డు పక్కన శవం!

ఇక్రాముద్దీన్. రాస్ లఫాన్‌లో కూలీలుండే క్యాంపుకి బాస్. ఆంజి నడిపే దొంగ వీసాల సంగతి సీఐడీకి చెబుతానన్న మనిషి. ఒంట్లో ఒక్కటే తూటా... నైన్ ఎంఎం!

పేపర్లో అది చదివి గంగన్నకు చెమటలు పట్టాయి.

లైసెన్సులో కఫీల్ పిస్టల్ ఫార్టీ అని ఉంది. దాన్నెవరు అనుమానిస్తారు? పాత బ్యారల్ మళ్ళీ బిగించి, నైన్ ఎంఎం బ్యారల్‌ని సముద్రంలో విసిరేస్తే కథ కంచికే. ఇక సాక్ష్యమంటూ మిగిలింది ఒక్కటే. గంగన్న దగ్గరున్న కొత్త మ్యాగజైన్! దాని మీద ఆంజి వేలిముద్రలు!

అప్పటికే దాని కూర్చునే అంచులు మాత్రం సాపు చేసేశాడు. ఇక పిస్టల్లో పెడితే నూనె వేసినట్టు పనిచేస్తుంది. గుడ్డలో చుట్టి తమ్ముడు లింగన్నకు ఇచ్చాడు. ఎవరికీ చెప్పకుండా దాచమన్నాడు.

కనబడ్డ ప్రతివాణ్ణీ బతిమాలి వీసా తెప్పించి, రాస్ లఫాన్ కంపెనీలో డ్రైవర్‌గా పెట్టించుకున్న తమ్ముడు. ఈ ఎడారిలో గంగన్న కళ్ళు మూసుకుని నమ్మే మనిషి వాడొక్కడే.

ఇందాకే వీధి చివరి కార్డ్ ఫోన్ బూత్ నుంచి వాడికి ఫోన్ చేశాడు. సెలవు రోజు కదా, వాడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలో దోస్తు రూమ్‌లో ఉన్నాడు.

"తమ్మీ, దాన్ని పట్టుకొని రా. ఇద్దరం కలిసి సీఐడీ ఆఫీసుకు పోదాం."

"ఫోన్ కాడనే ఉండన్నా. యాడికీ పోకు. జర సేపట్ల నీ ముంగటుంటా."

తమ్ముడు రాలేదు. ఆంజి వచ్చాడు!

గంగన్న ఒళ్ళు ఝల్లుమంది. తను ఫోన్ దగ్గర కనబడకపోతే లింగన్న నేరుగా గ్యారేజీకే వస్తాడు. వచ్చి ఈ పిస్టల్‌కి ఎదురు పడతాడు!

వాడొచ్చేలోగా ఆ ఒక్క తూటా ఖర్చయిపోవాలి!

పక్క తలుపు కిర్రుమంది. ఆంజి లోపలికి వచ్చాడు.

"రాప్పా బయటికి... మాట్లాడుకుందాం."

గంగన్న చేతికి ఖాళీ ఆయిల్ డ్రమ్ము తగిలింది. ఊపిరి బిగబట్టి కాలితో ఒక్క తోపు తోశాడు. డ్రమ్ము గడగడా దొర్లింది!

ఆంజి గిర్రున తిరిగాడు.

ధన్!

రేకుల షెడ్డంతా గింగురుమంది. డ్రమ్ముకు చిల్లు! గంగన్న చెవులు మూసుకుపోయాయి.

అయిపోయింది! ఇక అది ఉత్త ఇనుప ముక్క!

వీల్ స్పానర్ అందుకున్నాడు. లారీ చాటు నుంచి బయటికొచ్చాడు. భయం పోయింది. కోపం వచ్చింది. పట్టలేనంత కోపం!

"పారెయ్‌రా దాన్ని! ఇగ పేలదది! తలకాయ పగలగొడత నా కొడకా!"

ఆంజి కదల్లేదు. కనీసం వెనక్కి జరగలేదు.

నవ్వాడు!

గంగన్న చూపు పిస్టల్ మీద పడింది. ఫిట్టర్ చూపు అది, పొరపాటు పడదు. రెండో తూటా ఇరుక్కుంటే పైభాగం సగం తెరుచుకుని ఆగిపోవాలి.

ఆగలేదు. పూర్తిగా మూసుకుని ఉంది. శుభ్రంగా!

అంటే... లోపలున్నది పాత మ్యాగజైన్ కాదు! లింగన్నకు దాచమని ఇచ్చిన కొత్తది!

తన ప్రాణం గుర్తుకు రాలేదు.

"నా తమ్ముణ్ణి ఏం జేసినవ్‌రా? సంపినవా? చెప్పు!"

"నేనేం జెయ్యలేదప్పా. వాడే తెచ్చిచ్చినాడు."

పక్క తలుపులోంచి మరో మనిషి లోపలికి అడుగు పెట్టాడు.

లింగన్న!

బతికే ఉన్నాడు! ఒక్క క్షణం గంగన్న ప్రాణం లేచి వచ్చింది. ఒకే ఒక్క క్షణం...

లింగన్న తలెత్తలేదు.

"ఆ రేత్రి ఇక్రాముద్దీన్ ఎనకాల బండి తోలింది ఎవురనుకున్నావ్?" అన్నాడు ఆంజి.

తన చేతుల మీద పెరిగినవాడు. తను తిన్నా తినకపోయినా వాడి కడుపు నింపాడు.

"నువ్వు వీణ్ణి పట్టిస్తే... వీడు నన్ను పట్టిస్తడన్నా" అన్నాడు లింగన్న నేల చూపులు చూస్తూ.

స్పానర్ జారి కింద పడింది.

"నాకొక్క మాట చెప్తే అయిపోవు గదరా తమ్మీ! నేనే దాన్ని సముద్రంల పారేస్తుంటి. నీకంటే ఎక్కువారా నాకు సీఐడీ?"

లింగన్న అప్పుడు తలెత్తాడు. కళ్ళ నిండా నీళ్ళు. ఆంజి వైపు చెయ్యి చాపాడు.

"నాకియ్యి."

ఆంజి అనుమానంగా చూశాడు.

"ఇయ్యమంటున్న గదా!"

పిస్టల్ చేతులు మారింది. గంగన్న గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఎంతైనా తోడబుట్టినవాడు!

"దా తమ్మీ... పోదాం పా" అని రెండు చేతులూ చాపాడు.

లింగన్న పిస్టల్ అన్న వైపే ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ధన్!