కేకు చేయని ఓవెన్

కోటేశ్వరికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే... ఆయన మరీ మంచివాడు. తాగుబోతయితే వీధిలో నిలబెట్టి అడగొచ్చు. పేకాటరాయుడయితే పుట్టింటికి వెళ్ళి ఏడవొచ్చు. మంచివాణ్ణి ఏమని తిడతారు, ఎవరితో చెప్పుకుంటారు? ఆ మొగుడు అరుణ్ కుమార్, తన అన్నగారు అడిగితే ఒంటి మీద చొక్కా విప్పి ఇచ్చే రకం. ఇచ్చాక, "దీనికి రెండో బొత్తాం లేదేందిరా" అని అన్నగారు కసిరితే తప్పయిపోయిందని చెప్పే రకం. పన్నెండేళ్ళ కాపురంలో అలా చాలా చొక్కాలు పోయాయి. కోటేశ్వరి ఏమీ అనలేదు. కానీ శ్రావణ మాసంలో ఒక బుధవారం పొద్దున, వీధి తలుపులు రెండూ బార్లా తీసి మరీ ఆయన అన్నగారికి అప్పగించింది చొక్కా కాదు. ఆమె మిషను.

మిషనంటే పెద్దదేం కాదు. కుట్టుమిషను పక్కన పెడితే దానికి చెల్లెల్లా ఉంటుంది. బల్ల మీద నిలబడే ఇనప స్తంభం, పక్కన పొడుగాటి పిడి, మధ్యలో వేడెక్కే గొట్టం, వేడి ఎంతో ఎర్రంకెల్లో చూపించే చిన్న పెట్టె. పైన గరాటులో నైలాన్ పూసలు పోసి, కరిగాక పిడిని బలంగా కిందికి లాగితే ఆ కరుగు అచ్చులోకి దిగుతుంది. కాస్త చల్లారనిచ్చి అచ్చు విప్పి, లోపలి మరల కడ్డీని చేత్తో తిప్పి లాగితే, బొటనవేలి కొసంత మూత బయటికొస్తుంది. మందు కొట్టే స్ప్రేయర్ కొసన, తుంపర చిమ్మే నాజిల్‌ని బిగించే మూత అది. మిరప చేలకు నల్లతామర పురుగు పట్టిన రోజుల్లో ఆ మూత విరిగిందంటే రైతుకు కుడిచెయ్యి విరిగినట్టే.

మూడేళ్ళ క్రితం అలాంటి విరిగిన మూత పట్టుకునే ఆరోగ్యమ్మ నరసరావుపేట వచ్చింది. కారంపూడి దగ్గర రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసే మనిషి. కోటేశ్వరి మామగారు చలమయ్య కాలం చేశాక ఆయన పేరు మీదున్న స్ప్రేయర్ల కొట్టుకు పెద్దకొడుకు చెన్నకేశవరావే పెత్తనం. "ఉత్త మూత ఎక్కడా దొరకదు, స్ప్రే గన్ను మొత్తం కొనుక్కో" అని ఆయన కౌంటరు మీంచి మొహం కూడా ఎత్తకుండా చెప్పారు. క్యారేజీ ఇచ్చిపోదామని వచ్చిన కోటేశ్వరి ఆ ముక్కల్ని ఆరోగ్యమ్మ చేతిలోంచి తీసుకుని చూసింది. అంతవరకూ ఆమె బీయస్సీ కెమిస్ట్రీ శుభలేఖలో పేరు పక్కన అచ్చవడానికి తప్ప మరి దేనికీ పనికి రాలేదు. ఆ రోజు పనికొచ్చింది... ఆ ముక్క నైలానని పోల్చుకుంది, అలాంటిది తానే పోయొచ్చనుకుంది. చేతి బంగారు గాజులు అమ్మేసి మిషను తెప్పించుకుంది. లేత్ షాపు సుభానీ దగ్గర నాలుగుసార్లు అచ్చు మార్పించింది. మొదటి వంద మూతలూ పటుక్కు పటుక్కుమని విరిగాయి. లోపలంతా సూదిమొనల్లాంటి బుడగలు... నైలాన్ పూస గాలిలో తేమను పీల్చుకుంటుందనీ, ఆ తేమ పోయేదాకా నాలుగైదు గంటలు సన్నటి వేడిలో ఆరబెట్టకుండా కరిగిస్తే ముక్క పెళుసెక్కుతుందనీ చదివి తెలుసుకునేసరికి నెల పట్టింది.

ఆరబెట్టడానికి ఇంట్లో ఒక ఓవెన్ ఉండనే ఉంది. పెళ్ళిలో ఎవరో చదివించినది. అందులో ఏనాడూ ఒక్క కేకు కూడా పొంగలేదు. ఇప్పుడు పూసలు ఆరసాగాయి. అత్తగారు సుబ్బలక్ష్మమ్మకు ఇది తలవంపుగా ఉండేది. "అందరిళ్ళల్లో కోడళ్ళు బిస్కెట్లు కాలుస్తారు. మా ఇంట్లో ప్లాస్టిక్ కాలుస్తారు. నాలుక్కి రుచే లేని వంట," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

ఆ నవ్వులన్నీ కోటేశ్వరి ఓర్చుకుంది. ఎందుకంటే ఆమె మూతలు విరగలేదు. గురజాల నుంచీ, దాచేపల్లి నుంచీ మనుషులు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. అప్పుడే చెన్నకేశవరావుకు ఆ మిషను కుటుంబానికి చెందినదని గుర్తొచ్చింది.

"ఇంట్లో ఎందుకురా అది, ఆడవాళ్ళకి చేతులు కాలతయ్. కొట్లో పెడితే మర్యాదగా ఉంటది," అన్నారాయన తమ్ముడితో.

"నిజమేలే అన్నయ్యా," అన్నాడు అరుణ్ కుమార్. ఆయన మంచివాడు కదా.

మిషను వెళ్ళింది. అచ్చు వెళ్ళింది. పూసల బస్తాలు వెళ్ళాయి. చివరికి మిషను నిలబడ్డ బల్ల కూడా వెళ్ళింది. కోటేశ్వరి గడపలో నిలబడి అడిగింది.

"బావగారూ, ఓవెన్ కూడా తీసుకెళ్తారా?"

చెన్నకేశవరావు ఆటో పక్కన నిలబడి నవ్వారు. "కొట్లో కేకులు చేస్తామా అమ్మాయ్?"

"వంటింటి సామాను నీకెందుకురా," అంది సుబ్బలక్ష్మమ్మ వెనకనుంచి.

నాలుక చివరిదాకా వచ్చిన మాటను కోటేశ్వరి వెనక్కి మింగేసింది. సరే. అడిగాను. వద్దన్నారు. ఇక దేవుడు కూడా నన్నేమీ అనలేడు, అనుకుంది.

దసరాకు వర్తక సంఘం వాళ్ళు చెన్నకేశవరావుకు శాలువా కప్పారు. మన ఊళ్ళోనే స్ప్రేయరు భాగం తయారుచేసిన ఘనుడని పొగిడారు. ఆయన మైకు పట్టుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "దీని వెనక నా మూడేళ్ళ కష్టం ఉంది," అన్నారు. "మా ఇంట్లో ఆడవాళ్ళయితే ఈ పూసల్ని వడియాల్లాగా ఎండబెట్టుకుంటా ఆడుకునేవాళ్ళు," అని కూడా అన్నారు. హాలంతా నవ్వింది. మూడో వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న కోటేశ్వరి కూడా నవ్వింది. చప్పట్లు కూడా కొట్టింది. పక్కన అరుణ్ కుమార్ మాత్రం తన చెప్పుల వంక చూసుకున్నాడు. తన గాజులు పోయిన చేతుల్లోంచి ఆ చప్పట్ల మోత ఎంత బోడిగా వినిపించిందో ఆమెకు మాత్రమే తెలుసు... ఆ రోజే నిర్ణయించుకుంది. బావగారి పరువు పటుక్కుమనే రోజు వస్తుంది. తాను వేలు కూడా కదపదు.

పగ తీర్చుకోవడం ఇంత సులువని ఆమెకు అంతకుముందు తెలియదు. దానికి ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. కార్తీకంలో ముసురు పట్టింది. కొట్లో మూతి విప్పిన బస్తాల్లో పూసలు హాయిగా తేమ తాగుతూ ఉంటాయని తలుచుకుంటే ఆమెకు నిద్ర బాగా పట్టేది. "ఇవాళ ఇద్దరొచ్చి మూతలు వాపసిచ్చారు," అనేవాడు అరుణ్ కుమార్ కంచం ముందు కూర్చుని. "అయ్యో," అని ఆమె ఇంకో గరిటె నెయ్యి వేసేది. "ఇవాళ ఏడుగురు." దొండకాయ వేపుడు మళ్ళీ వడ్డించేది. ఆ నెలలో కోటేశ్వరి వంటలన్నీ బ్రహ్మాండంగా కుదిరాయి. అత్తగారు కూడా ఏ వంకా పెట్టలేకపోయింది.

ఒక సోమవారం పొద్దున వాకిట్లో చెప్పుల చప్పుడైతే తలుపు తీసింది. ఆరోగ్యమ్మ. ఎడమ కన్ను మీద పత్తి, దాని మీద పట్టీ. చేతిలో రెండు ముక్కలైన మూత.

"ఏందక్కా ఇది..."

"మీ మూతే చెల్లే. ముందు నువ్విచ్చినయ్యి రెండేళ్ళు ఆగినయ్. ఇది మూడో ట్యాంకుకే పటుక్కుమంది. మందంతా మొహాన కొట్టింది. కంటి డాక్టరు కాడికే వచ్చా. వారం చుక్కలేస్తే తగ్గుద్దంట, చూపుకేం ఢోకా లేదంట." ఆరోగ్యమ్మ అరుగు మీద కూలబడింది. "కొట్లో వేరే మూతలు గూడా ఉన్నయ్. నీ చేతి మూత గదా, నమ్మకమని ఇయ్యే ఆరు తీసకపొయ్యా."

నీ చేతి మూత... కోటేశ్వరి ఆ రెండు ముక్కల్ని చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్ళూ ఎవరి పరువు పోతోందని తాను నెయ్యి వడ్డించి పండగ చేసుకుందో, ఆ పరువు పల్నాటి చేలల్లో తన పేరు మీదే నడుస్తోంది. మైకులో ఎవరేం చెప్పుకుంటే రైతులకేం పట్టింది? వాళ్ళకు ఆ మూత ఇప్పటికీ కోటేశ్వరి మూతే.

ఆమె లోపలికి వెళ్ళి డబ్బా అడుగున మిగిలిన రెండు గుప్పెళ్ళ పూసల్ని ఓవెన్‌లో పెట్టింది. ఆరోగ్యమ్మకు అన్నం పెట్టింది, పడుకోబెట్టింది. పూసలు ఆరాక బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి, చల్లారిన ఓవెన్‌ని తీసి మొగుడి చేతుల్లో పెట్టింది.

"ఎక్కడికిది?" అన్నాడు అరుణ్ కుమార్.

"కొట్టుకి."

"అన్నయ్య ఏమంటాడో..."

"అది వినడానికే."

ఆయన ఆరోగ్యమ్మ కంటిపట్టీని చూశాడు. భార్య బోడి చేతుల్ని చూశాడు. ఓవెన్‌ని గుండెకు ఆనించుకుని బజారు మధ్యనుంచి ముందు నడిచాడు; పూసల డబ్బాతో కోటేశ్వరీ, ఆరోగ్యమ్మా వెనక నడిచారు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మంచితనం సరైన దారి పట్టిందనుకుంది కోటేశ్వరి.

కొట్లో అప్పటికే నలుగురు రైతులు విరిగిన మూతలతో గొడవ పడుతున్నారు. గోడ మీద శాలువా ఫొటో. దాని కింద చెన్నకేశవరావు చెమట తుడుచుకుంటున్నారు.

"ఏందమ్మాయ్, కొట్లో వంట పెడతన్నావా?"

"లేదు బావగారూ. మీరు మర్చిపోయిన సామాను తెచ్చా."

కొంగు బొడ్లో దోపి ఆమె మిషను ముందు నిలబడింది. ముందు కొట్టు బస్తాలోని పూసలు పోసి ఒక మూత తీసింది. గొట్టం ఖాళీ చేసి, డబ్బాలోని పూసలు పోసి ఇంకొకటి తీసింది. రెండూ చల్లారాక దాచేపల్లి రైతు ఒకాయన చేతిలో పెట్టి కటింగ్ ప్లేయరు అందించింది. మొదటిది నొక్కగానే రెండు ముక్కలై ఒక ముక్క వెళ్ళి చెన్నకేశవరావు కౌంటరు మీద పడింది. రెండోది వంగింది, నలిగింది, వదలగానే మళ్ళీ గుండ్రంగా విచ్చుకుంది.

"అదే పూస, అదే అచ్చు, అదే మిషను," అంది కోటేశ్వరి. "తేడా ఈ వంటింటి సామాను. పూసల్ని ఇందులో ఆరబెట్టాలి. వడియాల్లాగా. మూడేళ్ళు కష్టపడిన మీకు ఆ సంగతి తెలియకుండా ఎట్టా ఉంటదిలే బావగారూ..."

రైతులు ఫొటో వంక ఒకసారి, కింద మనిషి వంక ఒకసారి చూశారు. చెన్నకేశవరావు మొహం నల్లబడింది. సాయం కోసం తమ్ముడి వైపు తిరిగారు. అరుణ్ కుమార్ ఓవెన్‌ని కౌంటరు మీద పెట్టి, నిదానంగా, "చెప్పు అన్నయ్యా," అన్నాడు.

"నేను... ఆ మూత నేను చెయ్యలా. ఈ అమ్మాయే చేసింది. ఆ రోజు అబద్ధం చెప్పా."

"సరిగ్గా వినపళ్ళేదు బావగారూ. నేనెప్పుడూ మూడో వరసే కదా."

ఆయన గొంతు పెంచి మళ్ళీ చెప్పారు. బజారులో పోతున్న ఇద్దరు ఆగి విన్నారు. దసరా నుంచీ కాచుకుని కూర్చున్న మాట. ఊహలో ఎన్నిసార్లో విని, ప్రతిసారీ పాయసంలా చప్పరించిన మాట... తీరా చెవిన పడితే అందులో అంత తీపి లేదు. ఎందుకో ఆమెకు వెంటనే తెలియలేదు. ఆరోగ్యమ్మ మాట్లాడాక తెలిసింది.

"అయితే చెల్లే," అంది ఆరోగ్యమ్మ స్టూలు మీదనుంచి నెమ్మదిగా. పట్టీ లేని కన్ను కోటేశ్వరి మీదే నిలిపింది. "ఆరబెట్టకపోతే ఇరుగుద్దని నీకు ముందే ఎరికేనా?"

కొట్లో అందరూ తన వైపే తిరిగారు. జవాబు సిద్ధంగానే ఉంది. ఓవెన్ తీసుకెళ్తారా అని నేనడిగాను, ఆయనే వద్దన్నారు. శ్రావణం నుంచి మడత పెట్టి బీరువాలో దాచుకున్న జవాబు అది, ఒక్క ముడతా లేదు. చెప్తే ఎవరూ కాదనలేరు. నోరు తెరిచింది... ఆరోగ్యమ్మ కంటి మీది పత్తి అంచున కారి ఎండిన చుక్కల మందు చార కనిపించింది. ఆ జవాబు గొంతులోనే పెళుసెక్కి విరిగిపోయింది.

కోటేశ్వరి వచ్చి ఆరోగ్యమ్మ ముందు నేల మీద కూర్చుంది. బావగారు చెప్పినంత గట్టిగానే, బజారుకు వినపడేలాగానే చెప్పింది.

"ఎరికే అక్కా. మూడు నెలల్నించీ ఎరికే. ఆయన పరువు ఇరిగితే చూద్దామని నోరు మూసుకుని కూర్చున్నా. మధ్యలో నీ కన్ను ఉంటదని తలవలా. తప్పు నాది."