స్కోరు బల్ల దగ్గర అమ్మ

శనివారం ఉదయం తొమ్మిది కావస్తున్నా తేజస్విని గది తలుపు తెరుచుకోలేదు. పరాయి దేశంలో, టార్నీట్ అనే శివారు పేటలోని ఆ ఇంట్లో శనివారమంటే ఏడింటికే గ్యారేజీ తలుపు లేచిన చప్పుడు, కారు వెళ్లిన చప్పుడు, ఆ పైన సాయంత్రం దాకా నిశ్శబ్దం. ఈ రోజు ఆ రెండు చప్పుళ్లూ వినపడకపోయేసరికి భ్రమరాంబకి ఏమీ తోచలేదు. పెసరట్టు పిండి కలిపింది, అల్లం తరిగింది, రెండుసార్లు హాల్లోకి వెళ్లి ఆ తలుపు వంక చూసి వచ్చింది.

భర్త విజయభాస్కర్ పెర్త్ అవతల గనుల్లో ఇంజనీరు. నెలలో సగం అక్కడే ఉంటాడు. ఉన్న ఒక్క కూతురు తేజస్విని పదేళ్ల వయసు నుంచీ బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం పెట్టింది. యూనివర్సిటీ జట్టుకి కెప్టెన్ కూడా అయింది. నిరుడు చదువు పూర్తయింది, మోకాలూ మొరాయించింది, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. హమ్మయ్య, ఇక శనివారాలు నావి అనుకుంది భ్రమరాంబ. ఇద్దరూ కలిసి గుడికి వెళ్లచ్చు, సినిమాకి వెళ్లచ్చు, ఏమీ లేకపోతే ఇంట్లోనే కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఆ ముచ్చట రెండు నెలలు కూడా సాగలేదు. జట్టు పెద్ద కోచ్ లిండా ఫోన్ చేసి, అసిస్టెంట్ కోచ్‌గా రమ్మంది. మొన్నటిదాకా ఆడిన అమ్మాయికైతే జట్టులో వాళ్ల మనసులు తెలుస్తాయనీ, బయటివాళ్లకంటే పాత ప్లేయరే నయమనీ ఆవిడ నమ్మకం. తల్లిని ఒక్క మాటైనా అడగకుండా తేజస్విని సరేననేసింది.

"ఆడి ఆడి మోకాలు పోగొట్టుకున్నావు. ఇప్పుడు వాళ్లని ఆడించడానికి కూడా నువ్వే కావాల్సొచ్చావా?" అని భ్రమరాంబ వారం రోజులు మూతి ముడుచుకుంది. ఎవరూ పట్టించుకోకపోతే అలక ఎన్నాళ్లని సాగుతుంది? చివరికి ఆవిడే డబ్బాలో చిత్రాన్నం సర్ది ఇవ్వడం మొదలుపెట్టింది.

తొమ్మిదిన్నరకి తలుపు తెరుచుకుంది. తేజస్విని ఉబ్బిన కళ్లతో వచ్చి వంటగది స్టూలు మీద కూర్చుంది.

"ఒంట్లో బాలేదా అమ్మడూ?"

"బానే ఉంది."

"మరి ప్రాక్టీసుకి వెళ్లలేదే?"

"మానేస్తున్నా అమ్మా. సోమవారం లిండాకి చెప్పేస్తా. ఐ యామ్ డన్."

నిజం ఒప్పుకోవాలంటే భ్రమరాంబకి ముందు కలిగింది సంతోషమే. తల్లి కదా, బాధ పడాలి కదా అనుకుంటాం. కానీ ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మాట చెవిన పడితే మనసు ముందు గంతే వేస్తుంది, సిగ్గుపడటం తర్వాత. పెనం మీద పిండి తిప్పుతూ, "పోనీలే. తిని స్నానం చెయ్యి. కేరమ్ డౌన్స్ గుడికి పోయొద్దాం, ఎన్నాళ్లయిందో" అంది.

అలాంటి మాటకి తగిన వేళ కాదది. తేజస్విని తలెత్తి చూసింది.

"నీకు కావాల్సింది ఇదేగా? నౌ యు ఆర్ హ్యాపీ?"

"అదేంటే, నేనేమన్నానిప్పుడు?"

"ఎందుకు మానేస్తున్నావని కూడా అడగలేదు నువ్వు! ఎప్పుడూ ఇంతే. అందరి మమ్మీలూ స్టాండ్స్‌లో లేచి నిలబడి అరిచేవాళ్లు. నువ్వు మాత్రం ఆ స్కోర్ బెంచ్ దగ్గర కూర్చుని, నేను బాస్కెట్ వేస్తే ఏదో కరెంటు బిల్లు రాసుకున్నట్టు రాసుకునేదానివి. ఒక్కసారి క్లాప్ కొట్టావా నాకు?"

అక్కడి పిల్లల ఆటల్లో ఒక పద్ధతి ఉంది. ప్రతి ఆటకీ రెండు జట్ల నుంచి తల్లో తండ్రో ఒకరు చొప్పున వచ్చి, మైదానం పక్క బల్ల దగ్గర కూర్చుని స్కోరు రాయాలి. వంతులవారీగా అందరికీ వస్తుంది. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఏ జట్టుకీ చప్పట్లు కొట్టకూడదు, కేకలు వెయ్యకూడదు.

"అక్కడ కూర్చుంటే కొట్టకూడదు కదే," అంది భ్రమరాంబ.

"రూల్ నాకు తెలుసు! కానీ నీ టర్న్ మంత్‌కి ఒక్కసారే. మిగతా వాళ్ల టర్న్స్ కూడా నువ్వే అడిగి తీసుకునేదానివి. నా గేమ్ అంటే నీకు ఇష్టం లేదు. నాకోసం చీర్ చెయ్యాల్సిన పని తప్పించుకోడానికి అక్కడ కూర్చునేదానివి. అంతేగా?"

పెసరట్టు అంచులు మాడుతున్నాయి. భ్రమరాంబ స్టవ్ కట్టేసింది. మాడిన అట్టు తీసి పక్కన పెట్టింది.

"మరి నన్నెక్కడ కూర్చోమంటావే?" అంది.

ఆ గొంతులో కోపం లేదు.

"మొదటి ఏడాది అందరితోపాటు పైనే కూర్చున్నాను. వాళ్లంతా కాఫీలు తెచ్చుకుని వాళ్లలో వాళ్లు నవ్వుకునేవాళ్లు. చెడ్డవాళ్లు కాదు, పాపం. నాకా ఇంగ్లీషు రాదు, వాళ్లకా నాతో ఏం మాట్లాడాలో తెలీదు. నా పక్క కుర్చీలో బ్యాగులు పెట్టుకునేవాళ్లు. ఒకసారి ఎప్పుడు కొట్టాలో తెలీక అవతలి వాళ్ల గోలుకి చప్పట్లు కొట్టేశాను. అందరూ తిరిగి చూశారు. నువ్వు తల దించేసుకున్నావు. గుర్తుందా?"

తేజస్వినికి గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే ఆమెకి ఎక్కువ సిగ్గనిపించింది.

"ఆ బల్ల దగ్గరైతే పక్కన మనిషి తప్పకుండా ఉంటారు. అవతలి జట్టు వాళ్లమ్మో, నాన్నో. 'నంబర్ సెవెన్, టూ పాయింట్స్' అంటారు నాతో. నేను 'యెస్' అంటాను. మీ నాన్న గనుల్లో, నువ్వు స్కూల్లో. వారం మొత్తానికి బయటి మనిషి నాతో మాట్లాడేది ఆ ఒక్క గంటే తల్లీ. అందుకే అందరి వంతులూ అడిగి తీసుకున్నా. నంబర్ సెవెన్ నా కూతురని ఎవరికైనా చెప్పుకోవాలనే ఉండేది. ఎలా చెప్పాలో తెలిసేది కాదు."

తేజస్విని రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. భ్రమరాంబ దగ్గరికి వచ్చి తల నిమిరింది. అప్పుడు బయటికి వచ్చింది అసలు సంగతి.

అసిస్టెంట్ అయిన రోజు నుంచే జట్టు ఆమెకి దూరమైంది. నిన్నటిదాకా మెడ మీద చేతులేసి తిరిగిన పిల్లలు, ఆమె డ్రెస్సింగ్ రూములోకి వస్తే మాటలు ఆపేస్తున్నారు. ప్రాక్టీసు అయ్యాక తినడానికి వెళ్తూ ఆమెని పిలవడం లేదు. లిండా, ఆవిడ తోటి కోచ్‌లేమో వయసులో పెద్దవాళ్లు. ఇటు చెందదు, అటు చెందదు. పైగా యూనివర్సిటీల జాతీయ పోటీలకి జట్టుని ఎంపిక చేసేటప్పుడు ఆఖరి చోటు ఎవరికివ్వాలని లిండా అడిగితే, శ్రీలేఖ కంటే ఇంకో అమ్మాయే మేలని తనే చెప్పింది.

"నేను చెప్పింది కరెక్టే అమ్మా. తను డిఫెన్స్‌కి వెనక్కి రాదు. అది నిజం. బట్ షి ఈజ్ మై ఫ్రెండ్. లిండా ఏమో, నువ్వే చెప్పు, నీ నోటి నుంచి అయితే బాగా తీసుకుంటుంది అంది."

"ఎలా చెప్పావు?"

"మెసేజ్ పెట్టా. నిన్న ఈవెనింగ్. చూసింది, రిప్లై లేదు."

శ్రీలేఖది హనుమకొండ. చదువుకోడానికి ఏడాది క్రితం ఒంటరిగా వచ్చింది. తేజస్వినే జట్టులో చేర్చింది, ఇంటికి తీసుకొచ్చింది. అక్కా అక్కా అంటూ వెంట తిరిగేది. క్రెయిగీబర్న్‌లో ఒక ఇంట్లో గది అద్దెకి తీసుకుని ఉంటోంది.

భ్రమరాంబ ఏమీ తిట్టలేదు. "ఇప్పుడా పిల్ల ఎవరితో ఉంది?" అని మాత్రం అడిగింది.

"అంటే?"

"మీవాళ్లంతా ప్రాక్టీసులో ఉన్నారు. నువ్విక్కడున్నావు. ఆ పిల్ల పక్కన ఎవరున్నారు?"

ఆ ప్రశ్న తేజస్వినికి ఇంతవరకూ తట్టనే లేదు. జట్టు గురించి ఆలోచించింది, తన గురించి ఆలోచించింది, రాత్రంతా ఏడ్చింది. శ్రీలేఖ పక్కన ఎవరున్నారో మాత్రం ఆలోచించలేదు.

"పద, బట్టలు మార్చుకో," అంది తల్లి. "నువ్వు చేసింది తప్పు కాదు. చెప్పిన తీరు తప్పు. అంత మాట ఎదురుగా కూర్చుని చెప్పాలి."

తల్లీకూతుళ్లు రింగ్ రోడ్డు మీదుగా క్రెయిగీబర్న్ వెళ్లారు. శ్రీలేఖ ఇంటి ముందు మెట్టు మీదే కూర్చుని ఉంది, ఒంటి మీద జట్టు జాకెట్. ప్రాక్టీసుకని బయలుదేరి, వెళ్లాలో అక్కర్లేదో తేల్చుకోలేక అక్కడే ఆగిపోయినట్టుంది. కారు దిగిన తేజస్వినిని చూసి మొహం తిప్పుకుంది.

"నేను అక్కతోని మాట్లాడ ఆంటీ."

"మాట్లాడకమ్మా. నేనొచ్చింది నీ దగ్గరికి," అంటూ భ్రమరాంబ వెళ్లి మెట్టు మీద ఆమె పక్కన కూర్చుంది. తిన్నావా అని అడగలేదు, ఊరుకోమని చెప్పలేదు. కూర్చుంది, అంతే. కాసేపటికి ఆ పిల్ల తల ఆవిడ భుజం మీదికి వాలింది.

తేజస్విని ఎదురుగా వచ్చి గడ్డి మీద మోకాళ్ల మీద కూర్చుంది. "శ్రీ, నీ పేరు వద్దని చెప్పింది నేనే. లిండా కాదు. మొహం చూసి చెప్పే ధైర్యం లేక మెసేజ్ పెట్టా. సారీ."

"నాకు తెల్వదా అక్కా, నేను వెనక్కి ఉరకనని?" శ్రీలేఖ జాకెట్ చేతితో ముక్కు తుడుచుకుంది. "సెలెక్ట్ కాలేదని కాదు నా ఏడుపు. రాత్రి అందరూ ఒక్కరొక్కరే టీమ్ గ్రూపుల పోటీలకి 'గోయింగ్, గోయింగ్' అని పెట్టిన్రు. ఇగ నేను మీల లేననుకున్న. ఇక్కడ నాకెవరున్నరు? వారానికి మూడు దినాలు నన్ను పేరు పెట్టి పిలిచేది మీరే." అడగలేక అడగలేక అడిగింది. "పోటీలకి కాకున్నా... మంగళవారం ప్రాక్టీస్‌కి రావచ్చా నేను?"

తేజస్విని కళ్లనీళ్లు తుడుచుకోకుండానే, "నేను వచ్చి తీసుకెళ్తా. ప్రతి మంగళవారం," అంది.

"మరి నువ్వు మానేస్తున్నావుగా?" అంది భ్రమరాంబ.

"లేదమ్మా. మానెయ్యను." ఒక్క క్షణం ఆగి, తల్లి మొహంలోకి చూసింది. "కానీ నువ్వూ రావాలి. స్కోర్ రాయడానికి కాదు. మా శ్రీకి పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా."

భ్రమరాంబ వంగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు కాసేపు తల ఎత్తలేదు. శ్రీలేఖ కొంచెం అటు జరిగింది. తేజస్విని లేచి వచ్చి, తల్లికి ఇవతలి పక్కన కూర్చుంది. ఇన్నేళ్లలో ఎన్ని ఆటలకో కలిసి వెళ్లినా, అమ్మకి తోడుగా తను పక్కన కూర్చోవడం ఇదే మొదటిసారి.