గుట్ట మీది టవరు ముందే చెప్పింది

ఆ గదికి కిటికీలు లేవు. గోడ నిండా తెరలు, ఎముకలు కొరికే ఏసీ, వేడెక్కిన వైర్ల వాసన. ఊళ్ళోని సెల్ టవర్లన్నీ ఎలా పనిచేస్తున్నాయో కనిపెట్టుకుని ఉండటమే అక్కడి ఉద్యోగం. అక్కడ కూర్చునే ఇంజనీరును ఆఫీసంతా అక్క అనే పిలిచేది. టవర్లెక్కి మరమ్మతులు చేసేవాడు ఆమె సొంత తమ్ముడు. వాడు గది దద్దరిల్లేలా "అక్కా" అని పిలిచి పిలిచి చివరికి మేనేజరుకు కూడా అదే అలవాటు చేశాడు. ఆ ఉద్యోగం వాడికి ఇప్పించింది ఆమే. "ఎత్తులెక్కే పనేమిటే వాడికి" అని అమ్మ సణిగితే, "నేను చూసుకుంటాగా" అని నోరు మూయించింది.

ప్రతి టవరూ తన మీదుగా ఎన్ని కాల్స్ వెళ్ళాయో, ఎన్ని తెగిపోయాయో లెక్కగట్టి పావుగంటకోసారి పంపుతుంది. అన్ని లెక్కలూ చేరాకగానీ గదిలోని యంత్రం వాటిని తెర మీద చూపించేది కాదు. ఒక్క టవరు నత్తనడక నడిస్తే మిగతావన్నీ దాని కోసం కాళ్ళు చాపుకుని కూర్చోవాల్సిందే. ఎక్కడైనా సిగ్నల్ పోతే, జనం తిట్టి, అలిసిపోయి, మళ్ళీ తిట్టడం మొదలుపెట్టాక తెరకు ఆ సంగతి తెలిసేది.

"ఆలస్యం తగ్గించక్కా" అని మేనేజరు చెవిలో జోరీగలా తయారయ్యాడు. ఆమె పంతం పట్టింది. ఎవరి కోసం ఎవరూ ఆగనక్కర్లేదని, వచ్చిన లెక్కను వచ్చినట్టే చూపించమని యంత్రానికి నేర్పింది. తెర మూలన ఉండే ఆలస్యం అంకె అరగంట నుంచి నిమిషాలకు, అక్కణ్ణుంచి సున్నాకు దిగింది. మేనేజరు అందరికీ మిఠాయిలు పంచాడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ఒక సాయంత్రం, వాన వెలిసిన వేళ, తెర మీద గుట్ట మీది టవరు పేరు పక్కనున్న ఆలస్యం అంకెకు ముందు మైనస్ గుర్తు కనిపించింది. అంటే, జరగకముందే లెక్క వచ్చేసిందన్నమాట. ఈ పనిలో తలపండినవాళ్ళెవరూ దానికి కంగారుపడరు. టవరులోని గడియారం ముందుకు నడుస్తుంటే అలా చూపిస్తుంది, మామూలే. అక్క కూడా అదే అనుకుంది. ఆ లెక్కలో టవరు పూర్తిగా చచ్చిపోయినట్టు కూడా ఉంది కాబట్టి, పనిలో పనిగా గడియారమూ సరిచేయిద్దామని తమ్ముడికి ఫోన్ కొట్టింది.

"గుట్ట మీది టవరు పోయిందిరా. వెళ్ళి చూడు."

"పోవడమేంటక్కా? గుట్ట కిందే టీ తాగుతున్నా. నీతో మాట్లాడుతున్నది దాని మీదుగానే."

"తెర మీద పోయిందనే ఉంది."

"తెర మాట వింటావుగానీ తమ్ముడి మాట వినవు కదా! సరే, పోతున్నా."

కాసేపటికి టవరు అడుగునున్న ఇనుప గది తలుపు కిర్రుమనడం ఫోనులో వినబడింది.

"ఇక్కడంతా నిక్షేపంగా ఉందక్కా. లైట్లన్నీ వెలుగుతున్నాయి."

"పైన కేబుల్ ఏమైనా వదులైందేమో, ఎక్కి చూడు."

"మెట్లు తడిగా ఉన్నాయే..."

"కొక్కెం తగిలించుకుని ఎక్కు."

"చిత్తం మహారాణీ" అని వాడు ఫోన్ పెట్టేశాడు.

ఆమె ఊరికే కూర్చోలేక ఆ టవరు పంపిన లెక్కను తెరిచి చూసింది. కాల్స్ కింద హెచ్చరికలు ఉన్నాయి. 'అడుగు గది తలుపు తెరిచారు.' ఆరూ పదికి.

గోడ గడియారం చూసింది. ఆరూ పది దాటి ఒక్క నిమిషమైంది.

తలుపు కిర్రుమన్నది ఇప్పుడేగా... ఆ లెక్క వచ్చి పావుగంట పైనే అయింది. వాడి చేతిలో ఇంకా టీ గ్లాసు ఉన్నప్పుడే వచ్చింది. టవరు గడియారం తప్పు కాదు. సెకను కూడా తప్పు కాదు.

కింద ఇంకో వరుస ఉంది. 'పై కొసన కేబుల్ తెగింది.' ఆరూ పద్దెనిమిదికి.

ఆ తర్వాత ఏమీ లేదు.

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఎక్కేవాడికి ఫోన్ చెయ్యకూడదు. ఆ నియమం పెట్టిందే ఆమె. చేస్తే... చెయ్యకపోతే... గడియారం ముల్లు ఆరూ పదిహేడు దాటింది. ఆగలేకపోయింది. చేసింది.

మోగుతోంది... మోగుతోంది...

"అక్కా..." గాలి హోరులో వాడి గొంతు గుసగుసలా ఉంది. "ఏంటక్కా, కొక్కెం మార్చుకుంటూ ఒంటి చేత్తో వేలాడుతుంటే..."

"దిగు నాన్నా... దిగిపో..."

"ఏంటీ? వినబడటం లే..."

ఇనుము మీద బూటు జారింది. ఏదో సాగి సాగి కీచుమంది. లైను తెగిపోయింది.

తెర మీద గుట్ట మీది టవరు పక్కన మైనస్ గుర్తు పోయింది. సున్నా. ఆలస్యం లేదు.

కేబుల్ తెంపింది పడిపోతూ పట్టుకున్న వాడి చెయ్యే. వాడి పట్టు జారేలా చేసింది ఆమె ఫోను. అసలు వాణ్ణి అక్కడికి ఎక్కించిందీ ఆమే. గుట్ట కింది టీ కొట్టాయన నంబరు వెతికి పట్టుకుని ఆఫీసుకు ఫోన్ చేసి, "ఇంకేం లేదమ్మా, ప్రాణం పోయింది" అన్నాడు. మేనేజరు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఏడవలేదు. యంత్రానికి నేర్పినదంతా చెరిపేసింది. మళ్ళీ పాత అరగంట ఆలస్యం పెట్టింది. దానివల్ల ఎవరూ వెనక్కి రారని తెలిసీ పెట్టింది.

అమ్మకు చెప్పాలి. ఎవరో చెప్పేలోపు తనే చెప్పాలి. ఫోన్ చేసింది. లైను బిజీ. మళ్ళీ చేసింది. బిజీ. ఈసారి తలెత్తి తెర చూసింది. గుట్ట మీది టవరుకు కరెంటు తీసేసి అరగంట దాటింది. అయినా దాని మీద ఒక్క కాల్ నడుస్తోంది.

చాలాసేపటికి అమ్మ ఎత్తింది.

"ఎన్నిసార్లు చేస్తావే? అవతల లైన్లో తమ్ముడున్నాడు."

"ఏ...మంటున్నాడమ్మా?"

"ఏముంది... ఇంకా ఎక్కుతూనే ఉన్నాడట. ఎంత ఎక్కినా కొస రావడం లేదంటున్నాడు."