ఎడమ సీటు బరువు

నకిరేకల్ సడక్ పక్కన, ఏసోబు షెడ్డు ముందు ఆగిన రెండు సీట్ల కారు ఎంత ఎర్రగా ఉందంటే, దాన్ని చూసి ఊళ్ల మిరపకల్లాలు మొహం దాచుకున్నయి. దాని మోటారు కూస్తే భువనగిరి గుట్ట మీది మేకలు లేచి నిలబడతయట.

"మలుపుల తోక ఎడమకు కొడతాంది," అన్నడు కారు దిగిన చిన్నదొర. "పొద్దుగూకకముందే చక్రం నిలబెట్టు."

దొర కొత్త పెండ్లాం యాదలక్ష్మి షెడ్డు నీడల కూసుంది. "ఏమయ్య మేస్త్రీ, చక్రాలకు గూడ ముహూర్తం చూస్తున్నవా?"

ఏసోబు నవ్విండు. మనుషులు కూసున్నంత బరువు పెడితేనే చక్రం అసలు వాలు చూపిస్తదని, రెండు సీట్లల్ల జొన్నబస్తాలు పెట్టిండు. నిలువు చూసే గుండుదారం వేలాడదీసిండు. ఎడమ వెనక చక్రం తల లోపలికి బాగా ఒరిగింది. ఇరుసు కాడ రేకుబిళ్లలు దోపిండు. రెండు చక్రాల ముక్కులు ఒక్కతీరుగ చూసేటట్టు దారం కట్టి సరిచేసిండు. చాయ్ తాగి వచ్చేసరికి ఎడమ చక్రం మళ్ల ఒరిగింది.

ఎడమ బస్తా దించిండు. కారు లేవాలె. లేవలేదు.

సీటు మెత్త నడుమ గుంట. చెయ్యి పెడితే బావినీళ్లంత సల్లగ... తడిబట్ట వాసన.

"దొరా," గుసగుసలాడిండు, "గీ సీటుల ఎవరో ఉన్నరు."

దొర మొహం సున్నమైంది. "బావిల పడి పోయిన పాతామె ఊసు గిప్పుడెందుకు? యాదలక్ష్మి వింటది. బిళ్లలెయ్యి."

దొర మాటకు జడిసి ఏసోబు తప్పు చేసిండు. బస్తా మళ్ల పెట్టి, ఆ కనపడని బరువును గూడ లెక్కలేసుకొని చక్రం నిలబెట్టిండు. కారు ఇద్దరికి కాదు, ముగ్గురికి కుదిరింది.

పొద్దు వాలింది. ఏసోబు బస్తాలు దించిండు. దొర స్టీరింగు పట్టిండు, యాదలక్ష్మి ఎడమ సీటుల ఎక్కింది. కారు కదిలింది. చక్రం స్తంభంలెక్క నిటారుగ ఉంది.

షెడ్డుకు కనపడేటంత దూరాన, చింతచెట్ల కాడ, కారు ఎడమ పక్క ఒక్కసారి పైకి లేచింది. ఎవరో దిగినట్టు. చక్రం తల బయటికి ఒరిగింది. ముందట కల్వర్టు మలుపు, ఒరిగిన చక్రం అండ్ల నిలవదు.

"ఆపుండ్రి," అని ఏసోబు సైకిలెక్కి ఉరికించిండు.

చింతచెట్లు దాటంగనే సైకిలు బరువెక్కింది. తొక్కుతుంటే కదలదు. మెడ ఎనక తడిబట్ట వాసన...

తిరిగి చూసిండు. క్యారియర్ ఖాళీ.

మలుపు అవతల రేకు నలిగిన సప్పుడు. హారన్ మోగుతాంది. ఆగుతలేదు.

"పోనియ్యి," అన్నరు ఎవరో, చెవిలో.

ఏసోబు సైకిలు దిగిండు. ఎనక టైరు మాత్రం రిమ్ముదాక నలిగే ఉంది. అంగీకి, నడుముకు రెండు పక్కల, చేతులేసి పట్టుకున్నంత మేర తడి.